అంగుళానికి నాలుగు చుక్కలు

వాల్పరైసోలో బరోన్ కొండ కింద మా ప్రింటు కొట్టు.
పొద్దున్నుంచీ పొగమంచు,
మిషను రెండుసార్లు మొరాయించింది.
అప్పుడొచ్చింది నెలిదా
తడి గొడుగు, చేపల వాసన, అద్దం పగిలిన ఫోనుతో.
"మా మనవరాలు. నాలుగు మీటర్లు కావాలి."

పుట్టి పదకొండు రోజులు.
ఆసుపత్రిలో నర్సెవరో తీసిందట.
నర్సు నుంచి కూతురికి, కూతురి నుంచి మేనత్తకి,
మేనత్త నుంచి ఈమెకి
చేతులు మారినప్పుడల్లా కాస్త కాస్త అరిగి
చివరికి మిగిలింది
అడ్డం ఆరువందల నలభై, నిలువు నాలుగువందల ఎనభై.

అందరికీ చెప్పేదే చెప్పాను:
అమ్మా, అంగుళానికి మూడువందల చుక్కలుంటేనే
కాగితం మీద మనిషి మనిషిలా ఉంటాడు.
ఆ లెక్కన మీ పాప రెండంగుళాల పాప,
పర్సులో పట్టేంత.
నాలుగు మీటర్లకి లాగితే అంగుళానికి నాలుగే,
అవీ చుక్కలు కావు, బఠానీ గింజంత పలకలు.
పిండి అంతే ఉంటే రొట్టె ఎంతకని సాగుతుంది?

విన్నది. విని,
"నాలుగు మీటర్లు" అంది మళ్ళీ.

సరే, కంప్యూటర్నే అడుగుదామని
డెబ్భైరెండు చెరిపి మూడువందలు కొట్టాను.
ఖాళీ కనపడ్డ చోటల్లా
ఈ పక్క చుక్కనీ ఆ పక్క చుక్కనీ వాకబు చేసి
ఇద్దరికీ నచ్చే అబద్ధం ఒకటి నింపుతుందది,
పెళ్ళి సంబంధాల పేరయ్యలా.
బుగ్గలు మైనం ముద్దలయ్యాయి.
కనురెప్పలు కాటుక చెరిగినట్టు.

"దారం ఏది?" అంది నెలిదా.

మణికట్టుకి దిష్టి తగలకుండా కట్టిన ఎర్ర ఉన్ని దారం.
అసలు బొమ్మలో లెక్కపెట్టి చూశాను, ఏడే ఏడు చుక్కలు.
నున్నగా చేసేసరికి చర్మంలో కరిగి
ఉందా లేదా అన్నంత గులాబీ మరక.
"కట్టింది నేను" అంది.

చేసిందంతా వెనక్కి తీసేశాను.

అప్పుడడిగాను. ఇరవయ్యేళ్ళ పనివాణ్ణి,
మొట్టమొదట అడగాల్సింది చిట్టచివర అడిగాను:
ఎవరు చూడాలి? ఎంత దూరం నుంచి?

గడ్డంతో కిటికీ వైపు చూపించింది.
కిటికీలో మంచు, మంచు వెనక సముద్రం.
"మా అల్లుడు రోసమెల్. పళ్ళ ఓడలో వంటవాడు.
ఆరు రోజులైంది లంగరేసి, రేవులో చోటు లేదట.
ఫోనులో చూశాడులే.
కానీ డెక్కు మీదికొస్తే ఇల్లు కనిపిస్తోందట.
ఇంట్లో పాప కనిపించట్లేదట."

కిలోమీటరున్నర. చేతిలో బైనాక్యులర్లు.
అంత దూరానికి
బఠానీ గింజ ఇసుక రేణువు కూడా కాదు.
చాలమ్మా, నాలుగు చుక్కలు చాలు,
ఎక్కువే కూడా.

మూడు గంటలు కక్కింది మిషను.
నేల మీద పరిస్తే
గోధుమ, బూడిద, ఎరుపు పలకలు,
స్నానాలగది గచ్చులా ఉంది.
"ఇది ఎవరూ కాదు" అన్నాడు మా కుర్రాడు అబ్నెర్.
వీధి దాటి చూశాం. ఇంకా ఎవరూ కాదు.
చుట్టగా చుట్టి భుజాన వేసుకుని మెట్లెక్కి
వాళ్ళ వసారా కమ్మీకి గాలపు తాడుతో కట్టాం.
అబ్నెర్‌ని రేవు గట్టుకి పంపాను.
అరగంటకి ఫోను చేశాడు, రొప్పుతూ.
"నిద్రపోతోంది" అన్నాడు.
గొంతు తగ్గించి అన్నాడు.

వస్తూ వస్తూ ఆ రెండంగుళాలది కూడా
నెలిదా చేతిలో పెట్టాను, డబ్బు తీసుకోలేదు.
దానికేసి చూడనైనా చూడకుండా రవికెలో దోపుకుంది.
మంచు విడిచేదాకా నిలబడతానంది.

తొమ్మిదో రోజు ఓడకి చోటు దొరికింది.

ఇప్పుడు ఆ బ్యానరు వాళ్ళింటి పక్క
కట్టెల మోపు మీద కప్పి ఉంది.
వానాకాలం అటుగా వెళ్తే దగ్గరగా చూస్తాను:
పలకలు, పలకలు, నీళ్ళోడుతున్న పలకలు.
ఒకచోట వరసగా ఏడు
ఎర్రవి.